కూత టీవీలో వినాలి... పట్టు హాల్లో చూడాలి!

రాత్రి ఎనిమిదయ్యేసరికి మీ ఇంట్లో రిమోటు ఎవరి చేతిలో ఉంటుందండీ? కొన్ని ఇళ్ళల్లో అత్తగారి చేతిలో, కొన్ని ఇళ్ళల్లో పిల్లల చేతిలో. మా ఇంట్లో మటుకు కబడ్డీ సీజను నడిచినన్నాళ్ళూ నా చేతిలోనే. తెలుగు టైటాన్స్ ఆట ఉన్న రోజున మా అత్తయ్యగారు కూడా సీరియల్ ఊసెత్తరు. "ఇవాళ మనోళ్ళదేనేటి?" అని అడిగి కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

వంటింటి మనిషికి కబడ్డీ ఏమిటని నవ్వుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. వాళ్ళకంటే ఎక్కువమంది నన్నడిగే మాట ఇంకొకటుంది. "ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే చక్కగా కనిపిస్తోంది కదా! డబ్బు పోసి, బస్సెక్కి, ఆ జనంలో పడి స్టేడియానికి వెళ్ళడమెందుకు?" అని. అడగదగ్గ మాటే. కందిపప్పు కిలోకి ఎంత పెరిగిందో చూసుకుని సంసారం నడిపేవాళ్ళం, ఆ లెక్క అడక్కుండా ఎలా ఉంటాం? ఒకే జట్టుని టీవీలోనూ చూశాను, హాల్లో కూర్చునీ చూశాను. ఎందులో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

వీధిలోంచి తెర మీదికి

చెడుగుడు మనకి కొత్తేం కాదు. పండగలొస్తే ఊరి చివర మట్టి చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి ఆడేవారు. ఆట చూడాలంటే అక్కడికి వెళ్ళి నిలబడ్డమొక్కటే దారి. అదీ మగవాళ్ళకే. ఆడవాళ్ళం డాబా మీంచో, గోడ పక్కనుంచో తొంగి చూస్తే అదే గొప్ప. 2010లో నాని నటించిన 'భీమిలి కబడ్డీ జట్టు' వచ్చినప్పుడు మా పక్కింటి పిన్నిగారు, "మన భీమిలి పేరుతో సినిమానా!" అని మురిసిపోయి రెండుసార్లు చూశారు. అప్పటికి కబడ్డీ అంటే మాకు సినిమాలోనో, పండగలోనో కనిపించేదే.

2014 జులై 26న ముంబైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. మొదట ఎనిమిది జట్లు. అందులో మన తెలుగు టైటాన్స్ ఒకటి. దానికి మొదట్లో సొంతూరు మన విశాఖపట్నమే. పోర్టువాళ్ళ స్టేడియం ఆవరణలో ఉన్న ఇండోర్ హాలులో ఆడేవారు. మట్టి పోయి మ్యాటు వచ్చింది, నిక్కర్లు పోయి రంగురంగుల జెర్సీలొచ్చాయి. మొదటి సీజన్‌ని దేశంలో 43.5 కోట్లమంది టీవీలో చూశారని లెక్క తేల్చారు. ఐ.పి.ఎల్. క్రికెట్ తరవాత అంతమంది చూసిన లీగ్ అదే. గోడ పక్కనుంచి తొంగి చూసిన మనం ఇంటి నడిమధ్యలో, సోఫాలో కూర్చుని చూశాం. ఇది చిన్న మార్పంటారా?

టీవీ చేసిన మేలు

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కబడ్డీ నాకు నేర్పింది టీవీయే. అంతకుముందు తాకితే ఔటు, పట్టుకుంటే ఔటు అని తప్ప ఏమీ తెలీదు. ఒక్కో కూతకి 30 సెకన్లే గడువనీ, ఎదుటివైపు ఆరుగురు గాని ఏడుగురు గాని ఉన్నప్పుడే బోనస్ గీత దాటితే పాయింటు వస్తుందనీ, ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే అది సూపర్ ట్యాకిల్ అనీ, రెండు పాయింట్లనీ అన్నీ టీవీ చూసే తెలుసుకున్నాను. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది 'డూ ఆర్ డై'. పాయింటన్నా తేవాలి, ఔటన్నా అవ్వాలి. ఇప్పుడు మా అత్తయ్యగారే లెక్కపెట్టి, "ఇది మూడోది, సావో రేవో!" అంటారు.

అసలు ఈ ఆట మనకోసమే పుట్టిందా అనిపిస్తుంది. క్రికెట్టయితే రోజంతా కూర్చోవాలి. కబడ్డీ ఇరవై నిమిషాలకోసారి సగం అయిపోతుంది. పోపు గింజలు చిటపటలాడేలోపు ఒక కూత. చపాతీ ఒకటి కాలేలోపు ఇంకో కూత. వంటింటి గుమ్మంలో నిలబడి కూడా చూడొచ్చు. ఏదన్నా తప్పిపోతే మళ్ళీ వేసి చూపిస్తాడు. కాలి మడమ దగ్గర పట్టు ఎలా పడిందో, గీతకి వేలు తగిలిందో లేదో దగ్గరగా చూపిస్తాడు. విరామంలో కోచ్ ఏం చెబుతున్నాడో మైకు పెట్టి వినిపిస్తాడు. ఊపిరి బిగబట్టి "కబడ్డీ... కబడ్డీ..." అంటూ వెళ్ళే ఆ కూత టీవీలో వినపడినట్టు హాల్లో వినపడదు. చుట్టూ అరుపులే అరుపులు!

ఇంకో మేలుంది. మాది ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం ఇల్లు. ఒక వారం ఏ షిఫ్టు, ఒక వారం బి షిఫ్టు, ఒక వారం సి షిఫ్టు. బి షిఫ్టులో ఉన్నవాళ్ళు రాత్రి పదింటికి దిగుతారు. వాళ్ళకి స్టేడియమెక్కడ, ఆటెక్కడ? ఇంటికొచ్చి స్నానం చేసి, కంచం ముందు కూర్చుని మళ్ళీ వేసిన ఆట చూసుకోవడమే. పోర్టులో పనిచేసేవాళ్ళదీ అదే వరస. పడుకున్న పెద్దవాళ్ళకి, ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి టీవీయే స్టేడియం. అందుకని టీవీని తక్కువ చెయ్యడానికి నాకు నోరు రాదు.

జట్టు ఊరు విడిచిన రోజులు

2016 జనవరి 30న మూడో సీజను మన విశాఖలోనే మొదలైంది. తరవాత టైటాన్స్ హైదరాబాదుకి మారారు. 2018 డిసెంబరులో మళ్ళీ ఒకసారి వచ్చి ఆడారు. ఇక ఆ తరవాత దాదాపు ఏడేళ్ళు ఈ ఊరి మొహం చూడలేదు. కరోనా వచ్చి 2020లో లీగే జరగలేదు. 2021 డిసెంబరులో మొదలైన సీజను మొత్తం బెంగళూరులో ఒకే హోటల్లో, చూడ్డానికి జనం లేకుండా నడిపారు. టీవీలో ఆట ఎప్పటిలాగే ఉంది. అవే కెమెరాలు, అవే దీపాలు. కాని ఎంత మంచి పట్టు పట్టినా లేచి నిలబడేవాళ్ళు లేరు. మా అత్తయ్యగారు, "పెళ్ళికి భోజనాలు వండి ఎవర్నీ పిలవనట్టుందే" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ సీజన్లో మనవాళ్ళు 22 ఆటలాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచారు. ఆ తరవాతి సీజన్లో రెండు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ అనే పేరున్న ఆటగాణ్ణి 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టి కొన్నారు. అప్పటికి ఆ లీగ్‌లో అదే అన్నింటికంటే పెద్ద ధర. అయినా ఆ ఏడూ రెండే గెలుపులు. వరసగా మూడు సీజన్లు పట్టికలో అట్టడుగు! మా వారు, "ఇంకా ఎందుకు చూస్తావు, వేరే జట్టు చూసుకోరాదూ?" అని ఆటపట్టించేవారు. "పిల్లాడికి మార్కులు తగ్గాయని పక్కింటి పిల్లాణ్ణి పెంచుకుంటామా ఏమిటండీ?" అనేదాన్ని.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఓడిపోయే జట్టుని టీవీలో చూడ్డం సులువే. పది పాయింట్లు వెనకబడగానే రిమోటు నొక్కేస్తే బాధ సగం తీరిపోతుంది. అలా ఎన్ని ఆటలు మధ్యలో కట్టేశామో!

చవితి వెళ్ళిన మూడో రోజు

2025లో పన్నెండో సీజన్ని విశాఖలో మొదలుపెడతామన్నారు. ఆగస్టు 29, శుక్రవారం. మొదటి ఆటే మన టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. ఆ 27న వినాయక చవితి. ఊరంతా పందిళ్ళు, మైకులు, మూడో రోజు నిమజ్జనాల ఊరేగింపులు. మా వారికి ఆ వారం ఏ షిఫ్టు కావడంతో మధ్యాహ్నం రెండింటికల్లా దిగిపోయారు. మేమిద్దరం, మా అమ్మాయి బయల్దేరాం. గాజువాక దాటి, ఎన్.ఏ.డి. జంక్షన్ మీదుగా అక్కయ్యపాలెం చేరేసరికి రెండు ఊరేగింపులు అడ్డం. ఇంట్లో ఉంటే ఆ గంటన్నరలో వంట చేసి, గిన్నెలు తోమేసి, టీవీ ముందు కూర్చునేదాన్ని. నిజమే.

లోపలికి వెళ్ళాక మొదట ఆశ్చర్యపోయింది కోర్టు చూసి. ఎంత చిన్నదో! మగవాళ్ళ కోర్టు మొత్తం కలిపి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందులో సగంలో ఏడుగురు నిలబడాలి. టీవీలో అదొక మైదానంలా కనిపిస్తుంది. ఎదురుగా చూస్తే ఓ మోస్తరు పెళ్ళివారి హాలంత. అంత ఇరుకులో ఆ కండలు తిరిగిన మనుషులు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోకుండా ఎలా కదులుతారా అనిపించింది.

మొహాలు సరిగ్గా కనపడలేదండీ. మేం కూర్చున్నది పైన. జెర్సీ వెనక నంబరు చూసి పోల్చుకోవడమే. రెండు మంచి పాయింట్లు ఎలా వచ్చాయో నాకు అర్థమే కాలేదు. మళ్ళీ వేసి చూపించడానికి నా పక్కన కెమెరా లేదు. కాని టీవీలో పదకొండేళ్ళుగా చూడనిది ఒకటి ఆ రోజు చూశాను.

టీవీలో మన కన్ను కూతకొచ్చినవాడి వెంటే పోతుంది. పాయింటు రాగానే అతని మొహం, తరవాత రీప్లే, ఆ తరవాత ప్రకటన. ఈలోగా మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో తెలీదు. హాల్లో ఏడుగురూ కనిపిస్తారు. రెండు మూలల్లో ఇద్దరు కార్నర్లు. వాళ్ళని కలుపుతూ చేతులు పట్టుకున్నవాళ్ళు. కూతకొచ్చినవాడు ఎడమకి ఒక అడుగేస్తే ఆ గొలుసంతా కుడికి ఊగుతుంది. అతను వెనక్కి తగ్గితే వీళ్ళందరూ ఒక్కసారే ముందుకొస్తారు. పిల్లలు ఒప్పులకుప్ప తిరుగుతున్నట్టు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళ ప్రాణం. ఒక కార్నర్ కుర్రాణ్ణి నేను అదేపనిగా చూశాను. చాలాసేపు అతని చేతికి పట్టు చిక్కలేదు. కాని ప్రతి కూతకీ అతను కదిలిన తీరు చూసి కూతకొచ్చినవాడు ఆ మూలకి పోవడం మానేశాడు. పట్టు పట్టినవాడి పేరు తెర మీద పడుతుంది. దారి మూసినవాడి పేరు పడదు.

మీకు వేరే చెప్పాలా? పండగనాడు పులిహోర వడ్డించినవాళ్ళని అందరూ మెచ్చుకుంటారు. తెల్లారగట్ల లేచి చింతపండు నానబెట్టి, పులుసు ఉడికించి, అన్నం ఆరబోసిన చెయ్యి ఎవరికి గుర్తుంటుంది? ఆ కార్నర్ కుర్రాణ్ణి చూస్తుంటే నాకు మన వంటిళ్ళే గుర్తొచ్చాయి.

ఇంకొకటి చూశాను. ఔటైనవాళ్ళు కోర్టు వెనక వరసగా కూర్చుంటారు. ఎవరు ముందు ఔటయ్యారో వాళ్ళే ముందు తిరిగి లోపలికి రావాలి. మనవాళ్ళు ఒక పాయింటు తెస్తే ఒకళ్ళు లేస్తారు. అంటే కోర్టులో ఉన్నవాడు తెచ్చే పాయింటు తన కోసం కాదు, వెనక కూర్చున్నవాడికి మళ్ళీ ప్రాణం పొయ్యడానికి. ఆ కూర్చున్నవాళ్ళు తువ్వాలు మెళ్ళో వేసుకుని, సగం లేచి, ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటారు. 'లైఫ్ వచ్చింది' అని మనం ఊరికే అనేమాట ఆ రోజు నాకు కళ్ళారా కనిపించింది.

ఆ రోజు అవతలి జట్టు జెర్సీలో ఎవరున్నారనుకున్నారు? మనం అంత డబ్బు పోసి తెచ్చుకున్న పవన్ సెహ్రావతే! అతను 2025కి తమిళ జట్టుకి వెళ్ళిపోయాడు. హాల్లో కొంతమంది అతని పేరు అరిచారు, కొంతమంది మన జట్టు పేరు అరిచారు, మా అమ్మాయి రెండూ అరిచింది. ఇల్లు మారిన కోడల్ని చూసినట్టు నాకూ కాస్త బెంగగానే అనిపించింది.

ఆఖరికి 38-35తో ఓడిపోయాం. మూడే మూడు పాయింట్లు. ఇంట్లో అయితే రిమోటు నొక్కి, "ఛీ, వీళ్ళింతే" అని లేచిపోయేదాన్ని. హాల్లో నొక్కడానికి ఏముంది? అందరితో పాటు కూర్చున్నాను. వెనక వరసలో మనవడితో వచ్చిన పెద్దావిడ, "మూడే గదా అమ్మా, వచ్చే ఆటకి తీర్చేస్తారు" అని, నా చేతిలో చెగోడీలు పెట్టింది. ఆవిడెవరో నాకు తెలీదు. ఆవిడకి నేనెవరో తెలీదు. కాని ఆ మూడు పాయింట్ల బాకీ మా ఇద్దరిదీ. టీవీలో ఓడితే మనమొక్కళ్ళమే ఓడతాం. హాల్లో ఓడితే ఊరంతా కలిసి ఓడినట్టుంటుంది. బరువు తక్కువే అనిపిస్తుంది.

ఖర్చూ, ఇబ్బందీ దాచనక్కర్లేదు

వెళ్ళమని చెబుతున్నాను గనక ఇబ్బందులు కూడా చెప్పాలి. ముగ్గురికి టిక్కెట్లు, రానూపోనూ ఆటో, బస్సు, లోపల టీలు కలిపితే మా ఇంట్లో వారం పది రోజుల కూరగాయల ఖర్చు అయింది. ఒక టిక్కెట్టుకి రెండు ఆటలు చూడొచ్చు, ఆ రోజు రెండో ఆట సమానమై టై బ్రేకర్ దాకా వెళ్ళింది కూడా. కాని దూరంనుంచి వచ్చినవాళ్ళు దాన్ని పూర్తిగా చూస్తే తిరుగు బస్సుకి పరుగే. అందుకని ఏటా అన్ని ఆటలకీ వెళ్ళడం మనబోటివాళ్ళకి కుదిరే పని కాదు. సీజనుకి ఒక్కసారి వెళ్ళినా చాలు.

వెళ్ళేవాళ్ళు కొన్ని చూసుకోండి. టిక్కెట్టు కొనేముందే తిరిగి రావడానికి బండి మాట్లాడి పెట్టుకోండి. పెద్ద సంచులు, నీళ్ళ సీసాలు, ఇంటి ఫలహారాలు లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. బయల్దేరేముందు కడుపునిండా పెట్టుకుని వెళ్ళడం అన్నింటికంటే మంచిది. మేము చవితికి మిగిలిన ఉండ్రాళ్ళు పోపు పెట్టుకుని తిని వెళ్ళాం. మరీ కింద వరసకి ఎగబడకండి. కాస్త పైన, కోర్టుకి అడ్డంగా కాకుండా ఒక చివరికి కూర్చుంటే ఏడుగురి గొలుసూ బాగా కనిపిస్తుంది. పాయింట్ల లెక్క తప్పిపోతే సిగ్గుపడకుండా పక్కవాళ్ళని అడగండి. హాల్లో స్నేహాలు అలాగే మొదలవుతాయి.

సిడ్నీలోనూ ఇదే ముచ్చట

మా తోటికోడలి కొడుకు సిడ్నీలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను ఈ ఆట సంగతి ఫోనులో చెబితే, "పిన్నీ, ఇక్కడ రగ్బీ లీగ్ అని ఉంది, మన కబడ్డీకి బంతి ఇచ్చినట్టుంటుంది" అన్నాడు. వైపుకి పదముగ్గురట. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు కింద పడగొడతారు. అలా ఆరుసార్లు పడ్డాక బంతి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. మనకి మూడో కూత ఎలాగో వాళ్ళకి ఆరో పాటు అలాగ. అక్కడా ఇదే వాదులాటట. టీవీలో చూస్తే బంతి ఎక్కడుందో తెలుస్తుంది, మైదానానికి వెళితే బంతి లేనివాళ్ళు ఏం చేస్తున్నారో తెలుస్తుందని.

ఆ ఆట పుట్టుక కూడా చెప్పాడు. ఉత్తర ఇంగ్లండులో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు రగ్బీ ఆడేవారు. శనివారం ఆటకి వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఆటగాళ్ళకి ఇవ్వనివ్వాలని అక్కడి క్లబ్బులు, ఆట అంటే డబ్బు కోసం కాదని పెద్ద సంఘంవాళ్ళు పట్టుబట్టారు. చివరికి ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక హోటల్లో సమావేశమై విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నాయి. అది 1895 ఆగస్టు 29న. మేం అక్కయ్యపాలెంలో కూర్చున్న రోజుకి సరిగ్గా 130 ఏళ్ళు! ఆటకీ షిఫ్టుకీ మధ్య నలగడం మన ఉక్కు ఊరివాళ్ళకే కాదన్నమాట. కూలి పోగొట్టుకుని ఆడేవాళ్ళని చూడ్డానికి అప్పట్లో ఇంకో దారి లేదు, వెళ్ళి నిలబడవలసిందే. అలా నిలబడ్డవాళ్ళ వల్లే ఆ ఆట బతికింది.

మళ్ళీ టీవీ ముందుకే, కాని...

సెప్టెంబరు రెండో వారంతో విశాఖలో ఆటలు అయిపోయాయి. లీగ్ జైపూర్, చెన్నై, ఢిల్లీ వెళ్ళింది. మేమూ టీవీ ముందుకి వచ్చేశాం. అయితే ఇదివరకటిలా చూడలేకపోయాను. కన్ను కూతకొచ్చినవాణ్ణి వదిలి మూలకి పోతోంది. "అదుగో, కార్నర్ ముందుకొచ్చాడు, ఇప్పుడు పడతాడు" అని ముందే చెప్పేస్తుంటే మా వారు నోరు వెళ్ళబెట్టారు. ఒకసారి హాల్లో చూసినవాళ్ళకి ఆ తరవాత టీవీ కూడా బాగా కనిపిస్తుందండీ. రెండింటికీ పోటీ అనుకున్నాను గాని, ఒకటి రెండోదానికి కళ్ళజోడు లాంటిది.

విజయ్ మాలిక్ నాయకత్వంలో మనవాళ్ళు ఆ ఏడు బాగా ఆడారు. అట్టడుగున పడి ఉన్న జట్టు ప్లే ఆఫ్స్‌కి చేరింది. అక్టోబరు నెలాఖరులో ఫైనల్ గుమ్మం దాకా వెళ్ళి పుణె జట్టు చేతిలో ఓడిపోయింది. ఫైనల్లో పుణెని ఓడించి ఢిల్లీ గెలుచుకుంది. మనవాళ్ళు ఓడిన రాత్రి మా ఇంట్లో ఎవరూ ఆట మధ్యలో టీవీ కట్టలేదు. వెనకబడినా చివరిదాకా కూర్చున్నాం. ఆ ఓపిక హాల్లో అబ్బిందే.

తెర మీదికి రాని ఆట మాటేమిటి?

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. మగపిల్లల లీగ్‌ని మనం చూడకపోయినా చూసేవాళ్ళు కోట్లలో ఉన్నారు. మరి ఆడపిల్లల కబడ్డీ?

హాంగ్‌జౌలో 2023 అక్టోబరులో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు చైనీస్ తైపీ మీద 26-25తో, ఒక్క పాయింటు తేడాతో స్వర్ణం తెచ్చారు. ఆ క్రీడల్లో మన దేశానికి నూరో పతకం అదే. 2025 నవంబరు 24న ఢాకాలో మళ్ళీ అదే జట్టుని 35-28తో ఓడించి ప్రపంచ కప్పు తెచ్చారు. మీలో ఎంతమంది ఆ ఆటలు చూశారు? తప్పు మనది కాదు, రోజూ రాత్రి ఎనిమిదింటికి అవి మన ఇళ్ళల్లోకి రావు. 2016లో ప్రొ కబడ్డీ పక్కనే ఆడవాళ్ళకి మూడు జట్లతో ఒక పోటీ పెట్టారు. ఆ తరవాత మళ్ళీ ప్రొ కబడ్డీతో పాటు అది కనపడలేదు. టీవీ చూపించినదే ఆట అనుకుంటూ పోతే, చూపించనివాళ్ళు అసలు ఆడుతున్నట్టే తెలీకుండా పోతుంది.

మా అమ్మాయి స్కూల్లో ఉండగా స్కూల్ గేమ్స్‌లో మండలం పోటీలకి ఆడింది. ఆడవాళ్ళ కోర్టు మగవాళ్ళదానికంటే కొంచెం చిన్నది, 12 మీటర్లు, 8 మీటర్లు. గొలుసు అదే, కూత అదే, మోకాళ్ళు చీరుకుపోవడం అదే. ఆ రోజు గీత పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళం నలుగురం. ముగ్గురు తల్లులం, ఒక తాతగారు. మా అమ్మాయి జట్టు ఓడిపోయింది. అయినా కార్నర్లో ఆడిన ఒక బక్కపల్చటి పిల్ల, తన తల్లి రాలేదు గాని, నా దగ్గరికొచ్చి, "ఆంటీ, నేను పట్టిన పట్టు చూశారా?" అని అడిగింది. "చూశానమ్మా" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ పట్టుకి రీప్లే లేదు. మేం నలుగురం చూడకపోతే అది జరిగినట్టే ఎవరికీ తెలీదు.

ఇదండీ నా లెక్క. పెద్ద జట్టుకి మన చప్పట్లు సంతోషం కోసం. కుదిరితే ఏడాదికోసారి వెళ్ళి చూసి రండి, కుదరకపోతే పోపు పెట్టుకుంటూ టీవీలోనే చూడండి, ఏ లోటూ లేదు. చిన్న జట్లకి మాత్రం మనం వెళ్ళి నిలబడ్డమే టీవీ. మీ ఊళ్ళో, మీ పిల్లల బడిలో ఆడపిల్లల పోటీ ఉందంటే, పొయ్యి మీద కుక్కరు దించేసి, ఒక అరగంట గీత పక్కన నిలబడండి. మీ అమ్మాయి ఆడకపోయినా సరే. ఎవరో ఒక పిల్ల వచ్చి, "చూశారా ఆంటీ?" అని అడుగుతుంది. అప్పుడు "చూశాను" అని చెప్పండి.